లిలిత్ కాస్‌ప్లే: మొహం మీద గీతలు మురికిలా కనిపిస్తున్నాయి, జాకెట్ మీద ఇంకు పాకుతోంది

నీలి_రెక్క

అందరికీ నమస్తే. బోర్డర్‌ల్యాండ్స్ వీడియో గేముల్లో మొదటి దాంట్లోని లిలిత్ పాత్ర వేషం (కాస్‌ప్లే) హైదరాబాద్ కామిక్ కాన్ అనే కామిక్స్, గేమ్ అభిమానుల మేళా కోసం చేస్తున్నాను. హైటెక్స్‌లో దాదాపు 7 గంటలు ఈ వేషంలోనే తిరగాలి. కుట్టుపని అయిపోయింది. గేమ్‌లోలాగా గీసిన బొమ్మలా మార్చే దగ్గర ఆగిపోయాను. రెండు ట్రయల్స్‌లో తేలిన ఇబ్బందులు:

మొహానికి నల్ల కాజల్ పెన్సిల్‌తో గీతలు, బ్రౌన్ కాంటూర్‌తో నీడలు వేశాను. దగ్గర నుంచి బాగానే ఉంది. 3 మీటర్ల నుంచి ఫోటో తీస్తే మసి పూసుకున్నట్టుంది. అరగంటకే ముక్కు పక్కన గీత పాకింది. తెల్ల హైలైట్ సున్నం గీతలా తేలిపోతోంది. నాది చామనఛాయ. రంగు తెల్లగా మార్చే ఉద్దేశం లేదు, నా చాయలోనే లిలిత్ కనిపించాలి.

జాకెట్ పసుపు పాలీకాటన్. పర్మనెంట్ మార్కర్‌తో కుట్ల వెంట గీస్తే ఇంకు దారాల్లోకి పాకి అంచు వెంట్రుకలు లేచినట్టు వస్తోంది. భుజం కవచం 5 మి.మీ. ఈవీఏ ఫోమ్ (రబ్బరులాంటి మెత్తటి షీటు). రంగు వేశాక మెరుస్తోంది, ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. ఎర్ర విగ్గు, ఎడమ చేతి టాటూలు ఇంకా మొదలుపెట్టలేదు. ఖరీదైన ప్యాలెట్లు కొనలేను. నాటకాల మేకప్ అమ్మే షాపులో దొరికే క్రీమ్ స్టిక్కులు, నీళ్ళతో కలిపే నల్ల ఫేస్ పెయింట్ అయితే తెచ్చుకోగలను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గీతల_బడి

రంగు ముట్టుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఏ స్టైలు, వెలుగు ఎటు నుంచి.

స్టైలు సంగతి ముందు. సెల్ షేడింగ్ అనే ఒక్క పేరుతో జనం మూడు వేర్వేరు పనులు చెబుతుంటారు. పాత యానిమేషన్‌లో పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటుకి ముందువైపు ఇంకు గీత, వెనకవైపు చదునైన రంగు వేసేవారు. సెల్ అన్న మాట అక్కడిదే. 2000లో వచ్చిన జెట్ సెట్ రేడియోలాంటి ఆటలు ఆ పద్ధతిని కంప్యూటర్‌తో చేశాయి. ఒక వస్తువుకి ఒక వెలుగు రంగు, ఒక నీడ రంగు, రెండిటి మధ్య కత్తితో కోసినట్టు అంచు. లోపలి గీతలు బాగా తక్కువ. 2009 నాటి బోర్డర్‌ల్యాండ్స్ కచ్చితంగా ఆ దారి కాదు. అక్కడ గీతలు టెక్స్చర్ల మీదే, అంటే వస్తువుల మీద పరిచే బొమ్మల మీదే చేత్తో గీసినవి, వాటి చుట్టూ బయటి అంచుకు నల్ల ఔట్‌లైన్ వేశారు. కాబట్టి మీ లిలిత్‌కి లోపలి గీతలు, నీడల్లో సన్నటి అడ్డగీతలు ఉండి తీరాలి. మూడోది పాప్ ఆర్ట్ చుక్కల మేకప్. ముగ్గులో సందు చుక్కలు పెట్టినట్టు మొహమంతా చుక్కలు పెడతారు. అది ముద్రణ నుంచి వచ్చిన బెన్‌డే చుక్కల అనుకరణ, 1960ల్లో అమెరికన్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ చిత్రాల వల్ల అందరికీ తెలిసింది. అందంగానే ఉంటుంది కానీ లిలిత్ మీద ఒక్క చుక్క కూడా పెట్టకండి. అడ్డగీతలూ చుక్కలూ కలిస్తే రెండూ చెడతాయి.

ఇక వెలుగు. సురభి నాటకాల తెర మీద స్తంభాలు, మండపాలు గీస్తారు చూడండి, అన్ని స్తంభాలకూ నీడ ఒకే పక్కన ఉంటేనే కన్ను నమ్ముతుంది. మొహం, విగ్గు, జాకెట్, ఫోమ్ నాలుగింటికీ ఒకే వెలుగు ఉండాలి. పైన ఎడమ నుంచి 45 డిగ్రీలు అనుకోండి. ఆ మాట కాగితం మీద రాసి అద్దానికి అంటించండి, ఎందుకంటే అద్దంలో చూస్తూ గీసేటప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. చీకటి గదిలో ఒకే బల్బు ఆ కోణంలో పెట్టి, మేకప్ లేని మొహాన్ని ఫోటో తీయండి. ఫోన్ ఎడిటర్‌లో పోస్టరైజ్ ఉంటే 3 లేదా 4 లెవెల్స్‌కి తగ్గించండి. నీడ ముక్కలు మ్యాపులో జిల్లాల్లా విడిపోయి కనిపిస్తాయి. దాన్ని ప్రింట్ తీసి, పైన ట్రేసింగ్ పేపర్ వేసి నల్ల పెన్నుతో గీతలు పెట్టండి. ఇదే మీ ప్లాను. ఇది లేకుండా రెండు పక్కలా ఒకేలా నీడ వేయడం వల్లే చాలా మొహాలు కాంటూర్ ఎక్కువైన పెళ్ళి మేకప్‌లా తయారవుతాయి.

గీత మందం మూడు రకాలు చాలు. దవడ, చెవి వెనక, మెడ పక్క లాంటి బయటి అంచులకు 4 మి.మీ. ముక్కు నీడవైపు అంచు, కనురెప్ప మడత, కింది పెదవి కింద 2 మి.మీ. నీడలో అడ్డగీతలకు 1 మి.మీ. లోపే. ప్రతి గీతా మధ్యలో లావుగా మొదలూ చివరా సన్నబడాలి. బాపు బొమ్మల్లో గీత ఎలా ఊపిరి తీసుకుంటుందో గమనించండి. ఒకే మందంతో సాగే గీత తీగ అతికించినట్టుంటుంది.

రంగుల_పెట్టె

ప్లాను సరిగ్గా చెప్పారు, నేను మొహం పని చెబుతాను.

కాజల్ మైనం, నూనెలతో చేసింది. కంటి తడిలో నిలవడానికి మెత్తగా ఉంచుతారు కాబట్టి ఒంటి వేడికి ఇంకా మెత్తబడి పాకుతుంది. దాన్ని ఈ పనికి పూర్తిగా వదిలేయండి. మసిలా కనిపించడానికి మాత్రం కారణం గీత ఒక్కటే కాదు, మీరు నీడను బ్లెండ్ చేశారు. మామూలు మేకప్‌లో అంచు కరిగిపోవడం పనితనం, ఇక్కడ అదే తప్పు. 3 మీటర్ల దూరంలో కరిగిన అంచు మురికి, తెగిన అంచు బొమ్మ.

వరస ఇలా పెట్టుకోండి. తల మీద నుంచి తొడిగే బట్టలుంటే ముందే వేసుకోండి, మేకప్ అయ్యాక లాగితే దవడ గీత పోతుంది. నూనె లేని మాయిశ్చరైజర్ రాసి 10 నిమిషాలు ఆగాలి. తర్వాత మీ చాయకు సరిపోయే క్రీమ్ స్టిక్ శనగగింజంత తీసుకుని తడి స్పాంజితో అద్దుతూ మొహం, చెవులు, మెడ మొత్తం ఒకే చదునైన రంగుకి తేవాలి. కళ్ళ కింద నలుపు, పెదవుల చుట్టూ ఉండే నలుపు పూర్తిగా మాయమవ్వాలి. సహజంగా ఉండే ఆ తేడాలు మీరు గీసిన నీడలతో తగవు పడతాయి.

నీడకి మీ బేస్ కంటే 3 షేడ్లు ముదురు క్రీమ్ తీసుకోండి. చామనఛాయకి కాస్త ఎరుపు కలిసిన చాక్లెట్ బ్రౌన్ బాగుంటుంది. బూడిద కలిసిన బ్రౌన్ కమిలినట్టు కనిపిస్తుంది. 6 మి.మీ. చదును బ్రష్‌తో ముందు నీడ అంచు గీసి, తర్వాత లోపల నింపండి. అంచు చెదిరితే మైసెల్లార్ వాటర్‌లో (మేకప్ తుడిచే నీళ్ళు) ముంచి పిండిన ఇయర్ బడ్‌తో ఒక్కసారి తుడవండి, రెండోసారి తుడిస్తే బేస్ కూడా లేస్తుంది.

హైలైట్‌కి తెలుపు వాడకండి. బేస్ కంటే 3 షేడ్లు లేత, పసుపు కలిసిన పీచ్ రంగు తీసుకోండి. వెలుగువైపు చెంప ఎముక మీద ఒక ముక్క, ముక్కు దూలం మీద ఒక పొడుగు ముక్క, నుదుటి మీద ఒకటి. తెలుపు కావాలంటే కింది పెదవి మీద, ముక్కు కొన మీద 3 మి.మీ. గీత ఒక్కొక్కటే పెట్టండి.

ఇప్పుడు పౌడర్. క్రీమ్ పని అంతా అయ్యాక, నల్ల గీతలు మొదలుపెట్టక ముందు ట్రాన్స్‌లూసెంట్ పౌడర్ నొక్కుతూ వేసి 2 నిమిషాలు ఆగి మెత్తటి బ్రష్‌తో దులపండి. ఈ మెట్టు వదిలేస్తే నీళ్ళ పెయింట్ నూనె మీద నిలవక ముత్యాల్లా విడిపోతుంది. గీతల తర్వాత పౌడర్ వేస్తే నలుపు బూడిద రంగుకి దిగిపోతుంది. సిలికా ఎక్కువున్న తెల్లటి హెచ్‌డీ పౌడర్లు కంటికి తెలియవు కానీ ఫ్లాష్ పడగానే మొహం మీద పిండి చల్లినట్టు వస్తాయి. కొనే ముందు చేతి మీద వేసి ఫ్లాష్ ఫోటో తీసి చూడండి.

గీతలకి రెండు సరుకులు. చెమట పట్టే చోట, అంటే నుదురు, పై పెదవి, ముక్కు పక్కన వాటర్‌ప్రూఫ్ జెల్ లైనర్. దవడ, చెంప, మెడలకు నీళ్ళ పెయింట్. తడిపిన బ్రష్‌ని పెయింట్ బిళ్ళ (కేక్) మీద తిప్పి, పల్చటి పెరుగంత చిక్కదనం వచ్చాక చేతి వెనక గీసి చూడండి. కింద చర్మం కనిపిస్తే నీళ్ళు ఎక్కువ, గీత మధ్యలో తెగితే తక్కువ. ముక్కు నుంచి పెదవి చివరికి దిగే మడతలో సరిగ్గా గీయకండి. నవ్విన ప్రతిసారీ రెండు ఒడ్లూ కలిసి అద్దుకుంటాయి. మడతకి 3 మి.మీ. పైన, చెంపవైపు గీసి, నోటి మూలకి 5 మి.మీ. ముందే ఆపేయండి. చివర్లో సెట్టింగ్ స్ప్రే 25 సెం.మీ. దూరం నుంచి రెండుసార్లు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. దగ్గర నుంచి కొడితే చుక్కలు పడి గీత కారుతుంది.

చెమట పడితే టిష్యూ అద్దాలి, తుడవకూడదు. కొత్త పెయింట్ ఏదైనా 24 గంటల ముందు చెవి వెనక రాసి చూడండి. అక్రిలిక్, పోస్టర్ కలర్, మార్కర్ చర్మం మీదకి రానివ్వకండి. అవి చర్మం కోసం చేసినవి కావు. తీసేటప్పుడు ముందు కొబ్బరినూనె, తర్వాత ఫేస్‌వాష్. మొదటిసారికి రెండున్నర గంటలు పెట్టుకోండి.

గీతల_బడి

పై పోస్టులో ఒక్క చోట చేర్పు. దవడ గీతని ఎముక అంచు మీదే వేస్తే తల కాస్త తిప్పగానే అది చెంప మధ్యలో గీతలా కనిపిస్తుంది. ఎముకకి 3, 4 మి.మీ. కింద, మెడవైపు వేయండి. ఎదుటి నుంచి ఔట్‌లైన్‌లా, పక్క నుంచి నీడలా రెండు విధాలా పనికొస్తుంది. దాని కింద మెడ మీద నీడ ముక్క తప్పనిసరి. చాలామంది మొహం అద్భుతంగా చేసి మెడ ఖాళీగా వదిలేస్తారు, అప్పుడు మాస్కు పెట్టుకున్నట్టే ఉంటుంది.

ఫోమ్_మేస్త్రి

బట్ట, ఫోమ్ సంగతి నేను చెబుతాను.

పర్మనెంట్ మార్కర్‌లో ఉండేది స్పిరిట్‌లో కరిగిన పల్చటి రంగు. దారాల మధ్య సందుల్లోకి దీపం ఒత్తి నూనె పీల్చినట్టు ఎక్కుతుంది. చిక్కటి ఫ్యాబ్రిక్ అక్రిలిక్, అంటే ఫెవిక్రిల్ లాంటిది, నీళ్ళు కలపకుండా 2వ నంబరు రౌండ్ బ్రష్‌తో వేస్తే పాకదు. ముందు జాకెట్ ఒకసారి ఉతికి గంజి, ఫినిష్ పోగొట్టండి, లేకపోతే రంగు పైపైన కూర్చుని మడత దగ్గర రేగుతుంది. ఔట్‌లైనర్ ట్యూబులు వద్దు. అవి ఉబ్బెత్తు గీత వేస్తాయి, దానికి సొంత మెరుపు, సొంత నీడ వస్తాయి, చదును పోతుంది. ఇప్పటికే మార్కర్ పాకిన చోట్ల పసుపుతో కప్పాలని చూడకండి, మరక వెనక నుంచి కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ గీతని 6 మి.మీ.కి లావు చేయండి, లేదా నీడ ముక్క దాని మీదకి వచ్చేలా ప్లాను మార్చండి.

పసుపుకి నీడ కలిపేటప్పుడు చాలామంది చేసే తప్పు నలుపు కలపడం. పసుపులో నలుపు పడగానే ఆకుపచ్చకి తిరుగుతుంది, జాకెట్ పాచి పట్టినట్టుంటుంది. 4 వంతుల పసుపుకి 1 వంతు బర్న్ట్ సియెనా (ఎర్ర గోధుమ రంగు), దాని మీద టూత్‌పిక్ కొనంత వయొలెట్. ఒకేసారి 60 మి.లీ. కలిపి మూత డబ్బాలో పెట్టుకోండి, మధ్యలో అయిపోతే మళ్ళీ అదే రంగు రాదు. ఆరాక ఒక షేడు ముదురుతుంది కాబట్టి ముందు గుడ్డ ముక్క మీద వేసి చూడాలి.

మడతలు ఎక్కడ గీయాలో బల్ల మీద పరిచి ఊహించకండి. జాకెట్ వేసుకుని, మోచేతులు కాస్త వంచి, మామూలుగా నిలబడి, పక్కవాళ్ళతో టైలర్ చాక్‌తో గుర్తులు పెట్టించుకోండి. శాశ్వతంగా పడే మడతలు మోచేతి లోపల, చంక దగ్గర, నడుము పైన ఉంటాయి. గీతలు అక్కడే వేయండి. తిన్నగా ఉండే వీపు మీద నాలుగు గీతలు చాలు. తర్వాత లోపల అట్ట ముక్క దూర్చి పెయింట్ చేయండి, లేకపోతే రంగు వెనక్కి దిగుతుంది. కుట్టు మీదే గీయకుండా కుట్టుకి నీడవైపు ఆనించి గీస్తే కుట్టు మీద వెలుగు పడినట్టు కనిపిస్తుంది. 24 గంటలు ఆరాక తిరగేసి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి, ఆవిరి లేకుండా 4 నిమిషాలు ఇస్త్రీ చేయండి. పాలీకాటన్ కాబట్టి వేడి మధ్యస్థంగానే.

ఫోమ్ మెరవడానికి కారణం రంగు కాదు, పై పూత. నిజమైన మెరుపు మీరు నడిచినప్పుడల్లా కదులుతుంది. గీసిన హైలైట్ కదలదు. రెండూ ఒకే చోట ఉంటే బొమ్మ విరిగిపోతుంది. మీ దగ్గర ఉన్నదాన్ని పారేయక్కర్లేదు. 400 నంబరు ఎమరీ కాగితంతో పైపైన రుద్ది, మ్యాట్ అక్రిలిక్ వార్నిష్ రెండు పల్చటి పూతలు వేయండి, ఆ తర్వాతే గీతలు. కొత్తగా చేసే ముక్కలకైతే హీట్ గన్‌తో ఫోమ్ రంధ్రాలు మూసి, ఫెవికాల్‌కి సమానంగా నీళ్ళు కలిపి 3 పూతలు వేసి, అక్రిలిక్ వేయండి. బాగా వంగే పట్టీలకి ఫెవికాల్ పూత చిట్లుతుంది, అక్కడ రబ్బరులాంటి స్ప్రే ప్రైమర్ నయం. అతికించడానికి ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బర్ గమ్ రెండు ముఖాలకీ రాసి, వేలికి అంటనంత ఆరాకే, అంటే 10 నుంచి 15 నిమిషాల తర్వాత కలపాలి. తడిగా ఉండగా కలిపితే ఎండకి ఊడుతుంది. కిటికీలు తెరిచి చేయండి. గమ్ డబ్బా తెరిచి ఉన్నప్పుడు హీట్ గన్ ముట్టకండి, ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది.

లోహం చూపించాలంటే వెండి పెయింట్ వాడకూడదు, అది ఎంత మ్యాట్ చేసినా మెరుస్తుంది. బూడిదలో మూడు షేడ్లు తీసుకుని, రంపపు పళ్ళలా అంచులున్న ముక్కలుగా వేయండి. వెలుగు పడే అంచున నల్ల గీతకి ఆనించి 1 మి.మీ. లేత గీత లాగితే అట్టలాంటి ఫోమ్ ఇనుములా మారుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన గీత అదే. చివరి వార్నిష్ స్ప్రే కింద స్పిరిట్ మార్కర్ గీతలుంటే కరిగి పాకుతాయి. నీళ్ళ ఆధారంతో చేసిన పెయింట్ మార్కర్ లేదా బ్రష్ వాడండి.

నీలి_రెక్క

అక్కలూ అన్నలూ, చాలా థ్యాంక్స్. పాచి పట్టిన పసుపు నా ట్రయల్ ముక్క మీద అచ్చం అలాగే ఉంది, కారణం ఇప్పుడు తెలిసింది. ఇంకో మూడు. టాటూని ఇంక్‌జెట్ టాటూ పేపర్ మీద ప్రింట్ చేస్తే సరిపోతుందా? విగ్గుకి అక్రిలిక్ వేయొచ్చా? కళ్ళద్దాలు లేకుండా నాకు దూరం కనిపించదు, ఏం చేయాలి?

రంగుల_పెట్టె

టాటూ పేపర్ మీ చాయకి పనికిరాదు. ఇంక్‌జెట్ ఇంకు పారదర్శకం, తెలుపు ప్రింట్ అవ్వదు. లేత నీలం చామనఛాయ మీద దాదాపు మాయమవుతుంది. 7 గంటలకైతే చర్మం రంగు టైట్ స్లీవ్ మంచిది. చేతికి సరిపోయే మందంలో సీసా కానీ, గుడ్డలు కుక్కిన గొట్టం కానీ తీసుకుని దాని మీద సాగదీసి తొడిగాకే పెయింట్ చేయండి. సాగకుండా వేస్తే చేయి దూర్చగానే పగుళ్ళు వస్తాయి. ముందు పల్చటి తెలుపు, ఆరాక నీలం. ముఖ్యంగా, చేతి నీడవైపుకి వచ్చే టాటూ భాగాన్ని ముదురు నీలంతో వేయాలి. టాటూ అంతా ఒకే నీలంలో ఉంటే స్టిక్కర్ అంటించినట్టుంటుంది. అరచేతి మీద పెయింట్ వద్దు, చేతులు కడగక తప్పదు కదా. వేళ్ళు లేని గ్లవుజు మీద గీతలు గీసుకోండి.

కళ్ళద్దాల బదులు లెన్సులు పెట్టుకుంటే, కంటి డాక్టర్ దగ్గర పవర్ చూపించుకునే కొనండి, రంగు లెన్సులైనా సరే. మేకప్‌కి ముందు పెట్టుకుని, మేకప్ తీయక ముందే తీసేయాలి. ఇదివరకు అలవాటు లేకపోతే ఆ రోజే మొదలుపెట్టకండి. కళ్ళద్దాలే ఉంచుకుంటే ఒక పాత ఫ్రేమ్ తీసుకుని, ముందువైపు మ్యాట్ నలుపు, పై అంచున ఒక లేత గీత వేస్తే అది కూడా బొమ్మలో భాగమవుతుంది. ముక్కు మీద ప్యాడ్లు ఆనే చోట హైలైట్ వేయకండి, చెరిగిపోతుంది.

ఫోమ్_మేస్త్రి

విగ్గుకి మందంగా అక్రిలిక్ వద్దు, దువ్వగానే పొట్టులా రాలుతుంది. విగ్గు వెంట్రుక ప్లాస్టిక్, దానికి స్పిరిట్ మార్కర్ బాగా పడుతుంది. జాకెట్ మీద శత్రువైన మార్కర్ ఇక్కడ చుట్టం. జుట్టుని 2, 3 సెం.మీ. వెడల్పు పాయలుగా విడదీసి, గట్టి హెయిర్‌స్ప్రే కొట్టి చల్లగాలితో బిగపట్టించండి. పాయల మధ్య సందుల్లో నల్ల మార్కర్, పాయ కింది పొరకి మెరూన్, పైన వెలుగువైపు ఒక అడ్డపట్టీలా నారింజ. ఆ పట్టీ అంచు రంపపు పళ్ళలా ఉండాలి. 30 నిమిషాలు ఆరాక టిష్యూ నొక్కి చూడండి, నలుపు వస్తుంటే ఇంకా ఆగండి. లేకపోతే ఆ రంగంతా మెడకీ పసుపు కాలరుకీ అంటుతుంది. నుదుటి దగ్గర విగ్గు అంచు ఆగిపోకుండా, పాయ గీతల్లో మూడు నాలుగిటిని 1 సెం.మీ. మేర చర్మం మీదకి కొనసాగించండి.

ఫుల్ డ్రెస్ ట్రయల్ అయ్యాక ట్యూబ్‌లైట్ కింద, ఎండలో, ఫ్లాష్‌తో మూడు ఫోటోలు 3 మీటర్ల నుంచి తీసి, వాటిని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి ఇక్కడ పెట్టండి. రంగు తీసేశాక కూడా వెలుగు, మధ్యరంగు, నీడ మూడూ విడివిడిగా కనిపిస్తే పని అయినట్టే. నీడా మధ్యరంగూ కలిసిపోతే నీడ ఇంకో షేడు ముదరాలి.